ముక్కూ మొహం తెలియనివాళ్లతో వాదన: ఓడినట్టు ఎక్కడ తేలుతుంది?

1992 జనవరి 29న ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఓ కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ యూజ్‌నెట్ అనే అప్పటి ఆన్‌లైన్ చర్చావేదికలో ఒక పోస్టు పెట్టారు. దాని శీర్షిక ‘లినక్స్‌కు కాలం చెల్లింది’. రాసినాయన ఆండ్రూ టానెన్‌బామ్. ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద ఆయన రాసిన పాఠ్యపుస్తకానికి అప్పటికే మంచి పేరుంది. విద్యార్థులు విప్పి చూసి నేర్చుకోవడానికని 1987లో మినిక్స్ అనే చిన్న సిస్టమ్ కూడా రాసిచ్చారు. లినక్స్ కూడా అలాంటి ఆపరేటింగ్ సిస్టమే. దాన్ని రాస్తున్నది హెల్సింకి యూనివర్సిటీలో చదువుతున్న ఇరవై రెండేళ్ల లినస్ టోర్వాల్డ్స్. తన పని గురించి ఆ కుర్రాడు బయటికి చెప్పి అప్పటికి ఐదు నెలలే అయింది. చెప్పింది కూడా మినిక్స్ వాడేవాళ్లు కూడే చోటే. ఇద్దరి మధ్యా బంధమల్లా ఒకరి పుస్తకం ఇంకొకరు చదవడమే.

టానెన్‌బామ్ అభ్యంతరాలు రెండు. మొదటిది కట్టుబడి గురించి. సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌ను టోర్వాల్డ్స్ ఒకే పెద్ద ప్రోగ్రాంగా రాశాడు. దాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడదీసి, ఒకదానికొకటి కబురు పంపుకుంటూ పనిచేసేలా రాయాలన్నది మైక్రోకెర్నెల్ పద్ధతి. అప్పటి పరిశోధకుల్లో ఎక్కువమంది మొగ్గు దానివైపే. 1991లో కూడా ఒకే ముద్దగా రాయడమంటే 1970ల్లోకి వెనక్కి నడవడమే అన్నారాయన. రెండో అభ్యంతరం, లినక్స్ ఇంటెల్ 386 చిప్‌కే అతుక్కుపోయి ఉంది, రేపు ఆ చిప్‌ల వంశమే అంతరిస్తే దీని గతేమిటి అని. తర్వాతి పోస్టులో ఇంకో అడుగు ముందుకేసి, నువ్వు నా స్టూడెంట్‌వి కానందుకు సంతోషించు, ఇలాంటి డిజైన్‌కు నా దగ్గర మంచి మార్కులు పడవు అని రాశారు. వాక్యం చివర ఓ నవ్వు గుర్తు పెట్టారు.

టోర్వాల్డ్స్ బదులు వేడిగానే వచ్చింది. మినిక్స్ లోపాలన్నీ ఏకరువు పెట్టాడు. అందులోని తప్పులకు ప్రొఫెసర్ ఉద్యోగం మీకు మంచి సాకుగా దొరికింది అనేదాకా వెళ్లాడు. ఆ వెంటనే మరో పోస్టులో, మర్యాద మరిచి రాశానని అందరి ముందూ క్షమాపణ చెప్పుకున్నాడు. అయితే ఆ వేడిలో కూడా ఒక మాట ఒప్పుకున్నాడు: సిద్ధాంతం ప్రకారం చూసినా, అందం ప్రకారం చూసినా మైక్రోకెర్నెలే మేలు, అక్కడ లినక్స్ ఓడినట్టే. ఒప్పుకుని, తను దేంతో కొలుస్తున్నాడో చెప్పాడు. ఇది ఈ రోజు చేతికందుతోంది, నడుస్తోంది. అందరికీ ఉచితంగా అందే సిస్టమ్ రాస్తున్న గ్నూ వాళ్ల కెర్నెల్ ముందే తయారై ఉంటే నేనిది మొదలుపెట్టేవాణ్నే కాదు అన్నాడు. యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను పుట్టించినవారిలో ఒకరైన కెన్ థాంప్సన్ కూడా ఆ చర్చలో మాట కలిపారు. మున్ముందు కాలం మైక్రోకెర్నెళ్లదే కావచ్చు గానీ ఒకే ముద్దగా రాయడం తేలిక, మార్పులు చేసేకొద్దీ అది కలగాపులగం కావడమూ అంతే తేలిక అన్నది ఆయన మాట.

ఎవరు గెలిచారు? చిప్‌ల విషయంలో టానెన్‌బామ్ అంచనా తప్పింది. 386 వంశం ఇప్పటికీ ల్యాప్‌టాప్‌లలో బతికే ఉంది. ఒకే చిప్‌కు అతుక్కుపోవడం మంచిది కాదన్న ఆయన మాట మాత్రం నిలబడింది. లినక్స్ ఆ తర్వాత రకరకాల చిప్‌లకు పాకింది కాబట్టే ఇవాళ ఆండ్రాయిడ్ ఫోన్లలో అదే కెర్నెల్ ఉంది. ఎవరికి వాళ్లు ఎక్కడెక్కడ సరైనవాళ్లో ఇలా విడివిడిగా చెప్పగలుగుతున్నాం. ఎందుకు చెప్పగలుగుతున్నామంటే, వాళ్లిద్దరికీ బయట ఒక మూడోది ఉంది. అది కోడ్. చర్చ చదివినవాళ్లెవరైనా రెండింటినీ తమ మెషీన్‌లో వేసి చూసుకోవచ్చు. టానెన్‌బామ్ ఎంత పెద్దవాడైనా, టోర్వాల్డ్స్ ఎంత నోరున్నవాడైనా అది వాళ్ల మాట వినదు.

2004లో వాషింగ్టన్‌లోని ఒక సంస్థ తరఫున లినక్స్‌ను టోర్వాల్డ్స్ సొంతంగా రాయలేదని, మినిక్స్ నుంచి ఎత్తుకున్నాడని ఆరోపణ బయల్దేరినప్పుడు, దాన్ని అందరి ముందూ తోసిపుచ్చినవారిలో మొదటి వరసలో నిలిచింది టానెన్‌బామే. లినక్స్ డిజైన్ మీద తన అభిప్రాయం మార్చుకోలేదు. దొంగతనం మాత్రం జరగలేదు అని తేల్చి చెప్పారు. పన్నెండేళ్ల కిందట తనను ఎద్దేవా చేసిన కుర్రాడి పక్షాన. అపరిచితుల మధ్య జరిగే వాదన ఎంత ఎత్తుకు వెళ్లగలదో చెప్పాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ కనిపించదు.

ఇప్పుడు ఫోన్ తెరిస్తే కనిపించే వాదనల్లో లేనిది ఏమిటో వెతకాలంటే ఇక్కడ మొదలుపెట్టాలి. మర్యాద లేదు, ఓపిక లేదు, చదువు లేదు అని అందరం అంటూనే ఉంటాం. 1992 గొడవలోనూ మర్యాద తక్కువే, ఓపిక అంతకంటే తక్కువ. అందులో ఉన్నదీ, ఇప్పటివాటిలో కొరవడుతున్నదీ ఒకటే: ఓడినట్టు ఎక్కడ తేలుతుందో ఇద్దరికీ తెలిసిన ఒక గీత.

ఈ సంగతి మన దగ్గర చాలా పాతది. ‘వితండవాదం చేయకు’ అని ఇళ్లలో పిల్లల్ని కసురుతాం. ఆ మాట గౌతముడి న్యాయసూత్రాల నుంచి వచ్చింది. అక్కడ కథ అంటే చర్చ. అది మూడు రకాలు. నిజం తెలుసుకోవడానికి, ప్రమాణాలు చూపిస్తూ ఇరుపక్షాలు చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం, అందులో మాటల గారడీకి కూడా చోటుంది. తన పక్షమంటూ ఏమీ నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే అది వితండం. వితండానికి అసలు అర్థం మొండిగా మాట్లాడడం కాదు. ‘నేను ఇది నమ్ముతున్నాను’ అనే మాట ఎక్కడా చెప్పకపోవడం. ఇవాళ ఆన్‌లైన్‌లో అందరికంటే తెలివైనవాడిలా కనిపించేది తరచూ ఇతనే. అందరినీ ‘సోర్స్ ఏది?’ అని అడుగుతాడు, ఏ సోర్స్ ఇచ్చినా ఒక వంక పెడతాడు, తను ఏమనుకుంటున్నాడో మాత్రం చెప్పడు. చెప్పలేదు కాబట్టి ఓడడు.

మాటల గారడీకి న్యాయశాస్త్రం పెట్టిన పేరు ఛలం. దానికి వ్యాఖ్యాతలు ఇచ్చే ఉదాహరణ ఒక కంబళి. ఒకాయన కొత్త కంబళి కప్పుకుని వచ్చాడు. ‘ఇతను నవకంబళుడు’ అన్నాడొకడు. నవ అంటే కొత్త అని అతని ఉద్దేశం. సంస్కృతంలో నవ అంటే తొమ్మిది కూడా. వెంటనే ఎదుటివాడు, తొమ్మిది కంబళ్లు ఎక్కడున్నాయి, ఉన్నది ఒకటేగా అని పట్టుకున్నాడు. అన్న మాటలోని ఉద్దేశం తెలిసి కూడా వేరే అర్థం మీద దెబ్బ కొట్టడం. ఏ రోజైనా ఏ పోస్టు కింద చూసినా ఈ తొమ్మిది కంబళ్లు కనిపిస్తాయి. ‘మన ఊళ్లలో వైద్యం అందడం లేదు’ అని ఎవరో రాస్తే, ‘మా ఊళ్లో ఆసుపత్రి ఉంది, అబద్ధాలు రాయకండి’ అని కింద ఒక కామెంట్. రాసినవాడు చెప్పింది ఒక పరిస్థితి. పట్టుకున్నది ఒక పదం.

న్యాయసూత్రాలు ఇంతటితో ఆగలేదు. ఏ చోట దొరికిపోతే మనిషి ఓడిపోయినట్టో ఇరవై రెండు నిగ్రహస్థానాలుగా లెక్కపెట్టాయి. మొదట చెప్పిన మాట వదిలేసి మరోటి ఎత్తుకోవడం ఒకటి. అడిగినదానికి సంబంధం లేనిది మాట్లాడడం ఇంకొకటి. చెప్పిందే చెప్పడం, జవాబు తోచక ఊరుకోవడం కూడా ఉన్నాయి. చరక సంహితలో వైద్యుల చర్చల గురించి వచ్చే చోట ఇంకో జాగ్రత్త కనిపిస్తుంది. ఎదుటివాడితో దిగేముందు అతని బలాబలాలతో పాటు చుట్టూ కూర్చున్న సభ ఎలాంటిదో కూడా చూసుకో అంటుంది. సభ ఉంది, ఓటమి గీతలు ముందే గీసి ఉన్నాయి, చాలా చోట్ల మధ్యస్థుడూ ఉన్నాడు. అందుకే జల్పం కూడా అక్కడ ఎంతో కొంత పనికొచ్చింది. మొలకల్ని పశువులు తినకుండా చుట్టూ ముళ్లకంప వేసినట్టు, తెలుసుకున్న నిజాన్ని కాపాడుకోవడానికి జల్ప వితండాలు అని సూత్రమే చెబుతుంది. మొలక లేని చోట ముళ్లకంప ఎందుకన్నదే మన కాలపు ప్రశ్న.

చరిత్ర దగ్గరకు వస్తే ఈ గీత లేకపోవడం ఎంత నష్టం చేస్తుందో తెలుగువాళ్లకు బాగా తెలిసిన వాదన ఒకటుంది. శ్రీకృష్ణదేవరాయలు తెలుగువాడా, కన్నడిగుడా? ఏళ్ల తరబడి తెలుగు, కన్నడ కుర్రాళ్లు దీని మీద ఒకరినొకరు తిట్టుకుంటూనే ఉన్నారు. దాని నడక దాదాపు ప్రతిసారీ ఒకటే. ఇటునుంచి ఒకరు ‘దేశభాషలందు తెలుగు లెస్స’ అని పెడతారు. అటునుంచి ‘కన్నడ రాజ్య రమారమణ’ అనే బిరుదు వస్తుంది. ఇటు ఆముక్తమాల్యద, అష్టదిగ్గజాలు. అటు హంపి విరూపాక్షాలయంలోని పట్టాభిషేక శాసనం, అందులోని కన్నడం. మధ్యలో ఎవరో ఒకరు ఆయన తుళువ వంశస్థుడు, తుళువాడు అంటారు. ఇక అక్కడినుంచి సినిమాలు, కావేరి, క్రికెట్. అరవై కామెంట్ల తర్వాత చూస్తే ఎవరూ కదలలేదు, కొత్త విషయమూ ఏదీ రాలేదు.

ఇందులో బాధ కలిగించేది ఏమిటంటే, ఇరువైపుల వాళ్లూ చూపిస్తున్న సాక్ష్యాలన్నీ నిజమే. రాయలు ఆముక్తమాల్యద తెలుగులోనే రాశాడు. జాంబవతీ కల్యాణం నాటకం సంస్కృతంలో రాశాడు. కుమారవ్యాసుడు వదిలిపెట్టిన కన్నడ భారతాన్ని తిమ్మన్న కవి పూర్తి చేసింది ఆయన ప్రోత్సాహంతోనే. ఆయన కాలపు శాసనాలు కన్నడంలో ఉన్నాయి, తెలుగులో ఉన్నాయి, తమిళంలో ఉన్నాయి, సంస్కృతంలోనూ ఉన్నాయి. ఇన్ని నిజాలు పక్కపక్కన హాయిగా ఇముడుతుంటే గొడవ ఎక్కడినుంచి వస్తోంది?

ఆ పద్యాన్నే దగ్గరగా చూద్దాం. కళింగ దండయాత్రకు వెళ్తూ రాయలు విజయవాడ మీదుగా కృష్ణాతీరంలోని శ్రీకాకుళం వచ్చాడు. అక్కడ ఆంధ్రమహావిష్ణువు గుడిలో ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. తెల్లవారుజామున కలలో దేవుడు కనిపించి గోదాదేవి కథ తెలుగులో రాయమన్నాడు. తెలుగులోనే ఎందుకంటే అని కారణాలు చెబుతూ ‘దేశభాషలందు తెలుగు లెస్స’ అన్నది ఆ దేవుడు. ఆ మాట రాయలకంటే ముందుదైన క్రీడాభిరామంలోనూ ఉంది, అంటే అది అప్పటికే జనం నోట నలిగిన మాట. అసలు విషయం ఆ పద్యానికి కొంచెం ముందు ఉంది. అదే కలలో దేవుడు రాజుతో ‘నేను దెలుంగు రాయఁడం గన్నడ రాయ’ అంటాడు. నేను తెలుగు రాజును, ఓ కన్నడ రాజా! రాసినవాడు రాయలే. తన దేవుణ్ని తెలుగువాణ్ని చేసి, ఆ దేవుడి నోట తనను కన్నడ రాయా అని పిలిపించుకుని, ఆ కన్నడ రాయడి చేత తెలుగు కావ్యం రాయించాడు. ఇటువాళ్లూ అటువాళ్లూ తమకు కావలసిన సగం మాత్రమే స్క్రీన్‌షాట్ తీసి చూపిస్తున్నారు, రెండు సగాలూ కొద్ది పద్యాల తేడాలో ఒకే కలలో ఉన్నాయి.

అంటే ఈ ప్రశ్న అడుగుతున్నది పదహారో శతాబ్దాన్ని కాదు. ‘నీ మాతృభాష ఏది, దాన్ని బట్టి నువ్వెవరు’ అనే లెక్క రాయలకు తెలియదు. అది జనగణన కాగితాలతో వచ్చి, భాషా రాష్ట్రాలతో గట్టిపడింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేటప్పుడు బళ్లారి జిల్లా రెండుగా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి, హంపి అటు వెళ్లింది. రాయల రాజధాని ఒక రాష్ట్రంలోనూ, పెనుకొండ, చంద్రగిరి కోటలు ఇంకో రాష్ట్రంలోనూ పడ్డాయి. గొడవ నిజంగా ఆ గీత గురించి. అది బయటికి చెప్పకుండా ఐదొందల ఏళ్ల కిందటి రాజును సాక్షిగా బోనెక్కించడం వల్లే తీర్పు రావడం లేదు. ‘ఏం చూపిస్తే నువ్వు నీ మాట వెనక్కి తీసుకుంటావు?’ అని మొదటి కామెంట్‌లోనే అడిగి ఉంటే ఇద్దరి దగ్గరా జవాబు ఉండేది కాదు. జవాబు లేదని తెలిసినా మేలే. అప్పుడు రాయలు ఎవరివాడన్నది వదిలేసి, ఒకే ఆస్థానంలో నాలుగు భాషలు ఎలా కాపురం చేశాయన్నది మాట్లాడుకోవచ్చు. అది ఎంత మంచి ప్రశ్నో!

ఇలాంటి పీటముడిని ఒకచోట విప్పారు కూడా. పోలండ్‌లోని గ్దాన్స్క్ నగరాన్ని జర్మన్లు డాంజిగ్ అంటారు. ఇంగ్లిష్ వికీపీడియాలో ఒకరు ఒక పేరు రాయడం, ఇంకొకరు దాన్ని చెరిపి రెండోది రాయడం ఏళ్లపాటు సాగింది. 2005లో ఓటు పెట్టి తేల్చుకున్నారు: 1308 నుంచి 1945 వరకు జరిగిన సంగతులు చెప్పేటప్పుడు డాంజిగ్, అంతకు ముందూ తర్వాతా గ్దాన్స్క్. నగరం ఎవరిదన్న ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు. ఏ కాలం గురించి రాస్తే ఏ పేరు వాడాలన్న చిన్న ప్రశ్నగా దాన్ని కుదించారు. చిన్నది కాబట్టి తేలింది. తెలుగు వికీపీడియాలో అందరూ కలిసి మాట్లాడుకునే పేజీకి రచ్చబండ అని పేరు పెట్టుకోవడం ముచ్చటైన సంగతే. ఊళ్లో రచ్చబండ దగ్గర అరుచుకున్నవాళ్లు మర్నాడు పొద్దున అదే బావి దగ్గర ఎదురుపడాలి, అందుకని ఒక హద్దు దానంతట అదే ఉండేది. ఊరూ పేరూ తెలియని మనుషుల మధ్య ఆ హద్దు రాసిపెట్టుకుంటే తప్ప ఉండదు. ఒకే పేజీని 24 గంటల్లో మూడుసార్లకు మించి వెనక్కి తిప్పకూడదని ఇంగ్లిష్ వికీపీడియా పెట్టుకున్న నియమం అలాంటిదే.

సైన్సు, గణితం సంగతి వేరనుకుంటాం. అక్కడ గీతలు ముందే ఉన్నాయిగా? ఉన్నాయి. అయినా వాదనలు ఆగవు. 0.999… అని తొమ్మిదులు అంతులేకుండా పోతుంటే అది 1కి సమానమా అనే ప్రశ్న మీద ఇంగ్లిష్ వికీపీడియాలో వాదించేవాళ్ల కోసమే విడిగా ఒక పేజీ తెరవాల్సి వచ్చింది. సమానమే. మూడింట ఒకటిని దశాంశాల్లో రాస్తే 0.333… అని తొమ్మిదో తరగతి పిల్లలు కూడా ఒప్పుకుంటారు. రెండువైపులా మూడుతో హెచ్చిస్తే ఇటు 1, అటు 0.999… వస్తుంది. ‘కాదు, చిటికెడు తేడా ఉంది’ అంటే ఆ తేడా ఎంతో చెప్పమనాలి. 0.000…1 అంటారు. అంతులేని సున్నాల తర్వాత ఒకటి అన్నమాట. అంతే లేనప్పుడు తర్వాత అనేది ఎక్కడుంటుంది? ఇక్కడ ఎదుటివాడు మొండివాడు కాదు. ‘…’ అనే గుర్తును అతను ఎప్పటికీ పూర్తికాని ఒక పనిగా చదువుతున్నాడు. గణితంలో అది పూర్తయిన ఒక సంఖ్యకు పేరు. ఇద్దరూ ఒకే గుర్తును రెండు రకాలుగా చదువుతున్నారని కనిపెట్టిన నిమిషంలో వాదన సగం చల్లారుతుంది. మళ్లీ అదే కంబళి, ఈసారి మోసం లేకుండా.

అందుకే ‘నిజాలు చెబితే జనం ఇంకా మొండికేస్తారు’ అనే మాటను నమ్మి చేతులెత్తేయడం సరికాదు. 2010లో ఇద్దరు అమెరికన్ పరిశోధకుల పేపర్ ఒకటి, కొన్ని విషయాల్లో దిద్దుబాటు చూపిస్తే తప్పుడు నమ్మకం ఇంకా బలపడిందని చెప్పింది. ఆ మాట లోకమంతా పాకింది. తర్వాత వేరే పరిశోధకులు పదివేల మందికి పైగా మనుషుల మీద, యాభై రెండు అంశాల్లో అదే పరీక్ష చేసి 2019లో ఫలితాలు ప్రచురించారు. ఎదురుతిరిగే ఆ గుణం దాదాపు ఎక్కడా కనిపించలేదు. దిద్దుబాటు చూసినవాళ్లు ఎంతో కొంత దిద్దుకున్నారు. అయితే ఒక విషయం దిద్దుకున్నంత మాత్రాన పక్షం మారరు. ఆ రెంటినీ కలిపి చూసి ‘వీడు మారడు’ అనుకుంటాం.

అభిప్రాయం మారడాన్ని కళ్లారా చూసిన చోటు ఒకటుంది. రెడిట్ అనే చర్చల సైట్‌లో ‘నా అభిప్రాయం మార్చండి’ అని అడిగే ఒక విభాగం ఉంది. పోస్టు పెట్టినవాళ్లు తమ అభిప్రాయం, దానికి కారణాలు ముందే రాయాలి. ఎవరి మాటతోనైనా మనసు మారితే వాళ్లకు డెల్టా అనే గ్రీకు అక్షరం ఇవ్వాలి. అక్కడి చర్చల్ని కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు జల్లెడపట్టి 2016లో ఒక పేపర్ రాశారు. ఇద్దరు మనుషుల మధ్య మాట అటూ ఇటూ ఐదుసార్లు తిరిగాక మనసు మారే అవకాశం ఇంచుమించు పోతుందట. నెగ్గిన కామెంట్లలో పోస్టు రాసినవాళ్ల పదాలు తక్కువగా, కొత్త పదాలు ఎక్కువగా ఉన్నాయి. అంటే అవతలివాడి వాక్యాన్నే తిప్పి కొట్టేవాళ్ల కంటే, అతను చూడని వైపునుంచి కొత్త సంగతి తెచ్చినవాళ్లే పని సాధించారు. ‘కావచ్చు’, ‘బహుశా’ లాంటి మెత్తని మాటలు కూడా నెగ్గిన కామెంట్లలోనే ఎక్కువ కనిపించాయి. డెల్టా అంటే మరేమీ కాదు, ఒప్పుకుని వేసుకున్న నిగ్రహస్థానం. ఓడినట్టు చెప్పడం అక్కడ పరువు తక్కువ కాదు కాబట్టి మనుషులు చెప్పగలుగుతున్నారు. మిగతా చోట్ల ఓడిపోయానంటే వందమంది చూస్తారు, స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటారు. ఆ భయం మనిషి నోరు మూయించదు, ఇంకా పెద్దగా తెరిపిస్తుంది.

రాజకీయాల్లో మాత్రం గీత గీయడం నిజంగానే కష్టం. అక్కడ మధ్యస్థుడు ఉన్నా సరిపోడు. కృష్ణా నీళ్ల గొడవ చూస్తే ఎందుకో అర్థమవుతుంది. ఆంధ్ర, తెలంగాణ వాళ్లు ఎదురుపడే ఏ పోస్టు కిందైనా అది తన్నుకొస్తుంది. కృష్ణా నీళ్లను రాష్ట్రాల మధ్య పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చింది 811 టీఎంసీలు. 2015లో కుదిరిన తాత్కాలిక సర్దుబాటు ప్రకారం అందులో ఆంధ్రకు 512, తెలంగాణకు 299. ఈ అంకెల్ని ఎవరూ కాదనరు. సోర్స్ అడగాల్సిన పనే లేదు. గొడవంతా ఏ కొలతతో పంచాలన్న దాని మీదే. ఉమ్మడి రాష్ట్రంలోని కృష్ణా పరీవాహక ప్రాంతంలో దాదాపు మూడింట రెండొంతులు మా వైపే ఉంది, దాన్ని బట్టి పంచండి అంటుంది తెలంగాణ. ఎప్పటినుంచో ప్రాజెక్టులు కట్టి వాడుకుంటున్న నీళ్లు, వాటి కింద బతుకుతున్న రైతులు ఉన్నారు, ఆ వాడకాన్ని బట్టే లెక్క అంటుంది ఆంధ్ర. లింకులు ఎన్ని ఇచ్చినా ఇది తేలదు, ఎందుకంటే రెండు కొలతలూ లోకంలో ఉన్నవే.

తేలకపోయినా, వాదనకు పదును పెట్టొచ్చు. ఎవరి కొలతను వాళ్ల మీదకే తిప్పి చూడాలి. పరీవాహక ప్రాంతమే కొలత అయితే దాన్ని ఎగువ రాష్ట్రాలకు కూడా వర్తింపజేయాలి. కృష్ణా పరీవాహకంలో కర్ణాటక వాటా దాదాపు 44 శాతం, మహారాష్ట్రది 27, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది 29. బచావత్ మూడు రాష్ట్రాలకూ కలిపి పంచిన 2130 టీఎంసీల్లో 29 శాతమంటే 620 దగ్గర ఆగుతుంది. మనకు 811 వచ్చింది ముందునుంచి ఉన్న వాడకాన్ని ఆ ట్రిబ్యునల్ కాపాడడం వల్లే. అంటే తెలంగాణ అడుగుతున్న వాటా కూడా తను ఒప్పుకోని కొలతతో వచ్చిన మొత్తంలోంచే. ఇక ముందునుంచి ఉన్న వాడకమే కొలత అయితే, విజయవాడ దగ్గర 1855 నాటికే ఆనకట్ట కట్టించుకోగలిగిన ప్రాంతానికి ఎప్పటికీ ముందు వరసే. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టేదే పాలమూరు అని పిలిచే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో. ఆ నదిని గుమ్మంలో పెట్టుకుని కూడా, కాలువలు లేక తరాల తరబడి మేస్త్రీల వెంట దేశమంతా వలసపోయిన పాలమూరు కూలీకి ఆ కొలత ఏం సమాధానం చెబుతుంది? కట్టనివ్వని ప్రాజెక్టుకు పాత వాడకం ఎలా వస్తుంది?

ఈ రెండు ప్రశ్నలూ తమ పక్షాన్నే తాము అడుక్కునేవాళ్లు ఆ కామెంట్ల గుట్టలో అక్కడక్కడా ఒకరిద్దరు కనిపిస్తారు. ‘మేం తెలంగాణవాళ్లం, కానీ ఏరియా లెక్క కర్ణాటకకు కూడా ఇస్తే మనకేం మిగులుతుంది?’ అని ఒకరు. ‘మాది కృష్ణా డెల్టా, కానీ పాలమూరుకు మనం ఏం చెప్పాలి?’ అని ఇంకొకరు. వాళ్లకు లైకులు పెద్దగా రావు. సొంతవాళ్ల దగ్గరే తిట్లు తింటారు. చరకుడు చూసుకోమన్న సభ ఇక్కడ ఏ మాటా రాయకుండా చదివి పోయే వందల మంది. వాళ్లలో ఎవరైనా ఈ గొడవను ఆ రోజు కొత్తగా అర్థం చేసుకుని ఉంటే అది ఈ ఇద్దరి కామెంట్ల దగ్గరే అయి ఉంటుంది. రెండు రాష్ట్రాల మధ్య పంపకాన్ని తేల్చమని కేంద్రం 2023 అక్టోబరులో బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పగించింది. ఆ ట్రిబ్యునల్ ముందున్నవీ చివరికి ఇవే రెండు ప్రశ్నలు.